బండి ఱ

నాలుగో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లిఫ్ట్ మాత్రం రాలేదు.

పెద్దాయన కింద గోతిలో దొరికారు. ఆయన చేతిలోని కాగితాలూ అక్కడే దొరికాయి. కళ్లజోడు మాత్రం పైన, నాలుగో అంతస్తు గడప పక్కన, మడిచి పెట్టి ఉంది. పడిపోతున్న మనిషి కళ్లజోడు మడిచి పెట్టడు. పోలీసులు దాన్ని సంచిలో వేసుకుని, ప్రమాదం అని రాసుకుని వెళ్లిపోయారు.

ఆ వారంలోనే చీఫ్ దర్జీని పిలిపించాడు.

చీఫ్ ఆఫీసు ఒక లాండ్రీ మేడ మీద ఉంది. గదినిండా హ్యాంగర్లకి ఎవరెవరివో కోట్లు వేలాడుతున్నాయి. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి నేల సందుల్లోంచి పైకి వస్తోంది.

"కూర్చో, దర్జీ."

కుర్చీ లేదు. దర్జీ బట్టల మూట మీద కూర్చున్నాడు.

ఆ పేరు చీఫ్ పెట్టిందే. ఈ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు అతను సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకి ప్యాచ్‌లు వేసే ఉద్యోగం చేసేవాడు. అతుకులు వేసేవాణ్ణి దర్జీ అనక ఇంకేమంటారని చీఫ్ వాదన.

"లిఫ్ట్‌లో పడిపోయినాయన సంగతి విన్నావుగా?"

"పేపర్లో చూశాను."

"ప్రమాదం కాదు. కళ్లజోడు మడిచి ఉంది." చీఫ్ ఒక కోటు పక్కకి జరిపి కిటికీలోంచి వీధిలోకి చూశాడు. "రైల్వే సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్ ఆయన చేతి మీదుగా పోయేది. సరిహద్దు అవతలి ముఠా ఒకటి అందులో వేలు పెట్టింది. గొలుసు అంటారు. శుక్రవారం మధ్యాహ్నం కొత్త వెర్షన్ రిలీజ్. అది ఎక్కగానే సొరంగంలో రెండు బళ్లు ఎదురెదురుగా రావాలి. వాళ్ల ప్లాన్ అది."

"రిలీజ్ ఆపించండి."

"అడిగాను. ఒక ముసలాయన కాలు జారితే రైళ్లు ఆపమంటావా అన్నారు పైవాళ్లు. సాక్ష్యం కావాలట."

దర్జీ మూట మీంచి లేచాడు. "సొరంగం లైనంటే..."

"మీ బావ బండి నడిపే లైనే. అందుకే నిన్ను పంపొద్దన్నారు. కానీ ప్యాచ్ చదివి అర్థం చేసుకోగలిగినవాడివి నా దగ్గర నువ్వొక్కడివే."

"బావకి ఒక్క మాట చెప్పి..."

"చెబితే?"

దర్జీ ఆలోచించాడు. బావ చెవిలో వేసిన మాట సాయంత్రానికి డ్రైవర్ల క్యాంటీన్ అంతా తిరిగి, తన చెవికే కొత్త మాటలా వస్తుంది.

"వద్దు లెండి."

చీఫ్ ఒక వినికిడి మిషన్ అతని చేతిలో పెట్టాడు. "ఇవాళ్టి నుంచి నీకు ఎడమ చెవి వినపడదు. దీంట్లోంచి నా మాట నీకు వస్తుంది. నీ చుట్టూ మాట్లాడేది నాకు వస్తుంది."

"స్విచ్ ఎక్కడ?"

"లేదు. బ్యాటరీ పీకేదాకా పనిచేస్తూనే ఉంటుంది. లోపల మన మనిషి ఒకరున్నారు. నెమలి. తన మనిషని గొలుసు అనుకుంటోంది. జీతం వాళ్లదీ తీసుకుంటుంది, మనదీ తీసుకుంటుంది. పని మనకే చేస్తుంది."

"గుర్తు?"

"ఇక్కడ టీ చల్లగా వస్తుందా అని అడుగు."

*

దర్జీ నెరిసిన మీసం అతికించుకుని, మామూలు అద్దాల కళ్లజోడు పెట్టుకుని, పెద్దాయన ఖాళీ చేసిన కుర్చీలో చేరాడు. మొదటి రోజు నుంచీ మెట్లెక్కే వచ్చాడు. మోకాళ్లకి మంచిదని డాక్టర్ చెప్పాడన్నాడు.

ఆ గదిలో ఆరు బల్లలు, ఒక బిల్డ్ మెషిన్, గోడకి పాతకాలం స్టేషన్ గంట ఒకటి ఉన్నాయి.

అక్కడి పని ఇది. సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్‌ని ఎక్కడో ఎవరో రాస్తారు. ఈ ఆఫీసు దాన్ని తెచ్చుకుని ముట్టుకోకుండా బ్రాంచ్ అనే ఒక విడి కాపీ‌లో ఉంచుతుంది. తమ పట్టాలకీ దీపాలకీ తగ్గట్టు చేసుకోవాల్సిన మార్పుల్ని ప్యాచ్‌లుగా రాసి, రిలీజ్ బ్రాంచ్ అనే ఇంకో బ్రాంచ్‌లో వరుసగా పేరుస్తుంది. రిలీజ్ రోజు మధ్యాహ్నం బిల్డ్ మెషిన్ అసలు కోడ్ తీసుకుని, ప్యాచ్‌లని ఒకదాని వెనక ఒకటి అప్లై చేసి, అన్నీ పడితే సిగ్నళ్లకి పంపేస్తుంది.

మార్చాల్సిన చోటు ఎక్కడుందో మెషిన్‌కి తెలియాలి కాబట్టి, ప్రతి ప్యాచ్‌లోనూ ఆ చోటికి పైనా కిందా ఉన్న పంక్తులు కూడా రాసి ఉంటాయి. కోడ్‌లో ఆ పంక్తులు కనిపిస్తేనే ప్యాచ్ పడుతుంది. చాలా ఆఫీసుల్లో కాస్త తేడా ఉన్నా మెషిన్ సర్దుకుపోతుంది. ఇక్కడ అక్షరం తేడా వచ్చినా సర్దుకోదు. రైలు దగ్గర దాదాపు అనే మాట పనికిరాదనేవారట పెద్దాయన. ఆ నియమం ఆయన పెట్టిందే. ప్యాచ్ పడకపోతే మోగేలా గోడ గంటని మెషిన్‌కి తగిలించిందీ ఆయనే.

"ఒక్కసారి మోగిందంటే గుండె ఆగుతుందండీ," అంది పక్క బల్ల మీది టెస్టర్, అతని ఎడమ చెవిలో అరుస్తూ. ఆ కేక చీఫ్‌కి కూడా తగిలినట్టుంది. వినికిడి మిషన్‌లోంచి ఒక మూలుగు వినిపించింది.

"కుడి చెవి వినపడుతుందమ్మా," అన్నాడు దర్జీ.

"అయ్యో, ముందే చెప్పాలి కదండీ," అని ఆవిడ అటు తిరిగి వచ్చి కుడి చెవిలో కూడా అలాగే అరిచింది.

కిటికీ పక్క బల్ల మేడమ్‌ది. రిలీజ్ బ్రాంచ్‌లో ఏ ప్యాచ్ చేరాలన్నా, తీయాలన్నా పెద్దాయన పోయాక ఇక ఆవిడ ఒక్కదాని అనుమతి కావాలి. ఆవిడ గదిలోకి వస్తే టైపింగ్ చప్పుడు తగ్గేది. వెళ్లాక సెంటు వాసన మధ్యాహ్నం దాకా ఉండేది. ఆ వాసనకి తలనొప్పి వస్తుందని ఇంట్లో చెప్పే మగవాళ్లు ఆఫీసులో చెప్పేవారు కారు.

దర్జీ ఆవిడ బల్ల దగ్గర ఆగాడు. "ఇక్కడ టీ చల్లగా వస్తుందా, మేడమ్?"

ఆవిడ తలెత్తలేదు. "టీ చల్లగానే వస్తుంది. కప్పు మాత్రం కాలుతుంది."

నెమలి ఆవిడే.

*

బుధవారం భోజనాల వేళ బావ ఫోన్ చేశాడు. దర్జీ మెట్ల మీదికి వెళ్లి ఎత్తాడు.

"ఏరా బావమరిదీ, బతికే ఉన్నావా? కొత్త ఉద్యోగమట, ఎక్కడో చెప్పవట. సిగ్గుపడే ఉద్యోగమా?"

"గుమాస్తా పని బావా."

"గుమాస్తాకి ఇంత గుట్టేంట్రా. సరే విను. శుక్రవారం కొత్త సిగ్నళ్లు పెడుతున్నారు. రిలీజ్ అయ్యాక సొరంగంలోకి వెళ్లే మొదటి బండి నాదే."

దర్జీ మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. "సెలవు పెట్టకూడదూ?"

"ఎందుకు పెట్టాలి? ఫోటో కూడా తీస్తారట. మీ అక్క ముందు పెట్టెలో ఎక్కుతానంటోంది. నా గొప్ప చూడ్డానికి కాదు, నేను నిద్రపోకుండా నడుపుతున్నానో లేదో చూడ్డానికట."

"అక్కని వద్దను."

"నువ్వను. నీకంత ధైర్యముంటే." బావ నవ్వాడు. "ఏరా, గొంతు అలా ఉందేం?"

"జలుబు."

ఫోన్ పెట్టేశాక దర్జీ అక్కడే కూర్చుండిపోయాడు. పై మెట్టు మీద ఎవరిదో చెప్పుల చప్పుడు ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లింది. గాలిలో సెంటు వాసన మిగిలింది. అతను అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

*

గురువారం అతను వరుసలో ఉన్న ప్యాచ్‌లన్నీ చదివాడు. చాలామటుకు పెద్దాయన రాసినవే. కోడ్ ఇంగ్లీషులో ఉన్నా, చదివేవాళ్ల కోసం పక్కన రాసే వ్యాఖ్యలు మాత్రం ఆయన తెలుగులో రాసేవారు. మొదటి ప్యాచ్‌లోనే ఉంది: ఎఱ్ఱ దీపం జవాబు చెప్పకపోతే, ఎఱ్ఱ అనే అనుకో.

దర్జీ ఆ అక్షరం దగ్గర ఆగాడు. బండి ఱ. చిన్నప్పుడు వర్ణమాలలో వల్లించి, ఆ తర్వాత మళ్లీ రాసిన గుర్తు లేదు.

"ఆయనకి అదొక పిచ్చండీ," అని అరిచింది టెస్టర్. "ఎఱ్ఱకి బండి ఱ ఉండాల్సిందే. మేము ఎర్ర అని మామూలు ర రాసి పంపితే వెనక్కి కొట్టేవారు. బండ్లు నడిపే ఆఫీసులో బండి ఱ లేకపోతే ఎలా అని ఆయన జోకు. నవ్వేదాకా వదిలేవారు కాదు."

దర్జీ మిగతావి చదివాడు. ప్రతిచోటా ఎఱ్ఱ. చివరి నుంచి రెండో ప్యాచ్ పేరు పొగమంచు. రాసినవారు అన్న చోట పెద్దాయన పేరే ఉంది. పొగమంచు ఉన్నప్పుడు దీపం జవాబు ఆలస్యమైతే ఏం చెయ్యాలో చెబుతుంది. కోడ్ నాలుగు పంక్తులు. దీపం కాసేపు మాట్లాడకపోతే దారి ఖాళీ అనుకోమంటోంది. పొగమంచు ఉందో లేదో ఎక్కడా చూడటం లేదు. పక్కన వ్యాఖ్య: ఎర్ర దీపం కోసం ఎక్కువసేపు ఆగనక్కర్లేదు.

మామూలు ర.

 గదిలో ఎవరూ తనవైపు చూడటం లేదని తెలిసినా తలెత్తలేకపోయాడు. టాయిలెట్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి మాట్లాడాడు.

"దొరికింది సార్. ప్యాచ్ పెద్దాయన పేరున ఉంది. ఆయన రాసింది కాదు."

"ఎలా తెలుసు?"

చెప్పాడు. 

"ఒక అక్షరం చూపించి రైళ్లు ఆపమననా? నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు. నెమలికి చెప్పు. ఆమె తీసేస్తుంది."

"ఆ బ్రాంచ్‌లోకి ప్యాచ్ చేర్చగలిగినవాళ్లు ఇద్దరే సార్. ఒకాయన పోయారు."

కుళాయి నీళ్లు పోతున్నాయి.

"ఆమెనీ ఎవరో మోసం చేసి ఉంటారు," అన్నాడు చీఫ్. "చెప్పి చూడు." ఆ చివరి మాట అతను మామూలుగా అనే తీరులో అనలేదు.

*

చెప్పేముందు దర్జీ ఒక చిన్న పని చేశాడు. వరుసలో మొదటి ప్యాచ్ తెరిచి, పెద్దాయన వ్యాఖ్యలో ఉన్న ఎఱ్ఱని రెండుచోట్లా ఎర్ర అని దిద్దాడు. కోడ్‌లో ఇంకేమీ ముట్టుకోలేదు. కారణం అన్నచోట అక్షర దోషం అని రాసి, శుక్రవారం పొద్దున్నే మేడమ్‌కి పంపాడు.

"మొత్తానికి ముసలాయన బండి ఱని కూడా తీసేశారన్నమాట," అంది మేడమ్.

"ఇప్పుడెవరూ రాయడం లేదు కదండీ."

"మంచి పని చేశారు." ఆవిడ మీట నొక్కింది. అక్షర దోషం అని రాసి ఉన్న ప్యాచ్‌ని తెరిచి చూసేవాళ్లు ఏ ఆఫీసులోనూ ఉండరు. ఆవిడా తెరవలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా దర్జీ మళ్లీ ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాడు. 

"మేడమ్, వరుసలో ఒక ప్యాచ్ పెద్దాయన రాసింది కాదు. ఆయన పేరుతో ఎవరో పెట్టారు."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. తర్వాత గోడ గడియారం వైపు చూసింది.

"చీఫ్‌కి చెప్పారా?"

"ఇంకా లేదు."

"మంచిది. ఇక్కడ వద్దు. బయటికి రండి."

ఏ ప్యాచ్ అని ఆవిడ అడగలేదు.

దర్జీకి అది గుమ్మం దాటాక తట్టింది. ఇన్ని ప్యాచ్‌ల్లో ఒకటి దొంగది అంటే, ఎవరైనా ముందు ఏది అని అడుగుతారు. తెలిసినవాళ్లే అడగరు. అతను వెనక్కి తిరగబోయాడు. పక్కటెముకల కింద ఏదో గుచ్చుకుంది. ఆవిడ చేతి రుమాలు కింద పిస్తోలు ఉంది.

"నడువు," అంది ఆవిడ. మీరు పోయి నువ్వు వచ్చింది. "కేకేస్తే ఆ టెస్టర్ ముందు వస్తుంది. ముందు తగిలేదీ ఆవిడకే."

కారిడార్‌లో ఎవరూ లేరు. రిలీజ్ చూడ్డానికి అందరూ మెషిన్ చుట్టూ చేరారు. ఆవిడ అతన్ని లిఫ్ట్ ముందు నిలబెట్టి, ఎడమ చెవిలోంచి వినికిడి మిషన్ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

"చెవిలోంచి తీస్తే ఆగిపోతుంది. చీఫ్ నాతో చెప్పాడు."

 చీఫ్ దర్జీతో అలా చెప్పలేదు. ఒక్కొక్కరికి ఒక్కో సంగతి చెప్పడం చీఫ్ అలవాటు. తమ ఇద్దరికీ చెప్పినదాంట్లో ఏది నిజమో దర్జీకి తెలియదు.

ఆవిడ లిఫ్ట్ మెకానిక్‌లు వాడే మూడు మూలల తాళంచెవి తీసి, తలుపు పైనున్న రంధ్రంలో తిప్పింది. తలుపు పక్కకి జరిగింది. లోపల లిఫ్ట్ లేదు. గ్రీజు వాసన వచ్చింది. ఒక తీగ తాడు చీకట్లో ఊగుతోంది.

"ఆ బండిలో మా బావ ఉన్నాడు," అన్నాడు దర్జీ.  "మా అక్క కూడా."

"తెలుసు. మొన్న మెట్ల మీద విన్నాను. సెలవు పెట్టమని బాగానే చెప్పావు. వినాల్సింది."

ఆవిడ అతని కళ్లజోడు తీసి, ఒంటిచేత్తో మడిచి, గడప పక్కన నేల మీద పెట్టింది.

"పెద్దాయనకీ ఇలాగే తీశాను. ఆ ప్యాచ్ నేను రాయలేదమ్మా, నా పేరెందుకుంది అని అడగడానికి కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చారు, పాపం. గాజు ముక్కలు ముఖంలో దిగితే చూడ్డానికి బాగుండదు."

లోపల గదిలో బిల్డ్ మెషిన్ ఫ్యాన్లు తిరగడం మొదలైంది. దర్జీ ఆ చప్పుడు విన్నాడు. మొదటి ప్యాచ్ పడుతూ ఉంటుంది. తర్వాత రెండోది. గంట మోగలేదు. పెద్దాయన పెట్టిన నియమాన్ని ఆయన పోయాక ఎవరైనా తీసేసి ఉంటే? దాదాపు సరిపోయినా చాలు అని మెషిన్‌కి ఎవరైనా చెప్పి ఉంటే? తను దాన్ని సరిచూసుకోలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. స్టేషన్లో బావ ఫోటోకి నిలబడి ఉంటాడు. అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది.

ఫ్యాన్ల చప్పుడు పెరిగింది. గంట మోగలేదు.

"కళ్లు మూసుకో," అంది ఆవిడ. "సులువుగా ఉంటుంది." వీపు మీద ఆవిడ అరచెయ్యి ఆనింది.

గంట మోగింది.

స్టేషన్‌లో బండి వస్తే మోగే గంట. నాలుగో అంతస్తు గోడలన్నీ అదిరాయి. ఆవిడ తల అటు తిరిగింది. అదే క్షణంలో దర్జీ కూలబడ్డాడు. ఉపాయమేమీ కాదు, కాళ్లు నిలవలేదు అంతే. తోసిన చెయ్యి అతని తల మీదుగా పోయింది. ఆవిడ తూలి తలుపు అంచు పట్టుకుంది. పిస్తోలు జారి గోతిలో పడింది. అది కింద తగిలిన చప్పుడు రావడానికి చాలాసేపు పట్టినట్టు అతనికి అనిపించింది.

టెస్టర్ కారిడార్‌లోకి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ అరుపుకి ఈసారి కారణం ఉంది.

"మేడమ్, పొగమంచు ప్యాచ్ పడటం లేదు. బండి ఱ ఉన్న ఎఱ్ఱ కోసం వెతుకుతోంది, అక్కడ మామూలు ర ఉందట. రిలీజ్ ఆగిపోయింది."

మేడమ్ అంచు పట్టుకునే దర్జీ వైపు చూసింది.

"అక్షర దోషం," అంది మెల్లగా.

దొంగ ప్యాచ్ రాసినవాళ్లు పెద్దాయన పంక్తి పక్కనే తమ నాలుగు పంక్తులు దూర్చారు. చోటు గుర్తు కోసం ఆయన పంక్తిని ఉన్నదున్నట్టు దించుకున్నారు, బండి ఱతో సహా. మొదటి ప్యాచ్‌లో ఆ ఱ పోయేసరికి మెషిన్‌కి ఆ చోటు దొరకలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. లిఫ్ట్ మెకానిక్‌ల బట్టల్లో ముగ్గురు వచ్చారు. మూడోవాడు చీఫ్. నాలుగు అంతస్తులెక్కినందుకు రొప్పుతున్నాడు. మేడమ్ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి వినికిడి మిషన్ బయటికి తీశాడు.

"అంతా వినిపించింది," అన్నాడు. "సెంటు సీసా కాస్త అడ్డొచ్చింది గానీ, పెద్దాయన గురించి చెప్పిన మాట మాత్రం బాగా పడింది."

"నన్నెప్పటి నుంచి అనుమానిస్తున్నారు?" అంది ఆవిడ.

"నేను అందర్నీ అనుమానిస్తానమ్మా. జీతం అందుకే ఇస్తారు."

దర్జీ నేల మీదే ఉన్నాడు. "మీకు అనుమానముండి కూడా నన్ను ఆమెకే చెప్పమన్నారు."

చీఫ్ వంగి మడిచిన కళ్లజోడు తీసి అతని చేతికిచ్చాడు. 

*

సాయంత్రం దాకా దర్జీ రెండు పనులు చేశాడు. పొగమంచు ప్యాచ్‌ని వరుసలోంచి తీయించాడు. మొదటి ప్యాచ్‌లో పెద్దాయన ఱలన్నీ ఎక్కడివక్కడ తిరిగి పెట్టాడు. కారణం అన్నచోట మళ్లీ అక్షర దోషం అనే రాశాడు. ఈసారి టెస్టర్ తెరిచి, ప్రతి అక్షరం పైకి చదివి, కళ్లు తుడుచుకుని ఒప్పుకుంది.

బయటికి వచ్చేసరికి లిఫ్ట్ నాలుగో అంతస్తులోనే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. అతను దాన్ని దాటి మెట్ల వైపు నడిచాడు. ఫోన్ మోగింది.

"ఒరేయ్," అన్నాడు బావ. "నా పరువు పోయింది. ఫోటోవాడు వచ్చాడు, చొక్కా ఇస్త్రీ చేయించాను, మీ అక్క ఎక్కి కూర్చుంది. రిలీజ్ ఆగిందని బండిని ప్లాట్‌ఫాం మీదే నిలబెట్టేశారు. చివరికి పాత సిగ్నళ్లతోనే పంపారు. నేనేదో పాడుచేశానని మీ అక్క ఇప్పటిదాకా తిడుతోంది."

"అక్క పక్కనే ఉందా?"

"ఉంది. ఇంకా అయిపోలేదు, వినిపించనా?"

దర్జీ విన్నాడు. అక్క నిజంగానే తిడుతోంది. అతను మెట్టు మీద కూర్చుని కాసేపు ఆ తిట్లు వింటూ ఉండిపోయాడు.

"ఏరా, ఏడుస్తున్నావా?" అన్నాడు బావ.

"జలుబు."

"ఇంతకీ ఎందుకాగిందో తెలుసా? సిగ్నళ్ల ఆఫీసులో అక్షరం ఏదో తప్పు పడిందట. ఒక్క అక్షరానికి బండి ఆపుతారట్రా?"

"ఏ అక్షరమో చెప్పారా?"

"బండి ఱ అట." బావ ఆగాడు. "బళ్లో దాన్ని ఎగ్గొట్టినందుకు పంతులు నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టాడు. ఇన్నేళ్లకి మళ్లీ ప్లాట్‌ఫాం మీద నిలబెట్టింది."